అర్థమైందా అంటే ఆఁ

గాజువాక,
9 ఫిబ్రవరి 1998

చిరంజీవి అనూరాధకు,

ఉత్తరం మొదట్లో క్షేమం అని రాయడం మనకు అలవాటు. ఈసారి సగం క్షేమం అని రాస్తున్నాను. మీ అన్నయ్యను పోయిన సోమవారం ఇంటికి పంపించారు. కుడిచెయ్యి పట్టు దాదాపు వచ్చేసింది. నడుస్తున్నారు, తనంతట తనే స్నానం చేస్తున్నారు. మాట మాత్రం చిన్న చిన్న ముక్కలుగా వస్తోంది. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందట. బతికి బయటపడడమే అదృష్టం అన్నాడు డాక్టరు.

ఉక్కు మిల్లువాళ్ళు జూన్ వరకూ సెలవిచ్చారు. అప్పుడు వాళ్ళ డాక్టరు చూసి, క్రేన్ ఎక్కగలడంటే ఎక్కిస్తారు. లేదంటే పంపేస్తారు. పంపేస్తే ఈ క్వార్టరు ఖాళీ చెయ్యాలి, నీ మేనకోడలు నిఖిత చదువు సగంలో ఆగుతుంది. కృష్ణాజిల్లాలో మనకు మిగిలిన చెక్క పొలం సంగతి నీకు తెలిసిందే. అంతకన్నా ఆయనను చూడలేకపోతున్నాను. షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడతారు. ఆ పైన క్యాబిన్‌లో కూర్చుంటేనే ఆయన మనిషి. కింద ఉంటే ఏమీ కానట్టే చూస్తున్నారు.

ఒక విచిత్రం జరిగింది. నిన్న నిఖిత సరదాపడి నాకు జడ వేసింది. "నిఖిత నాకు జడ వేసిందండీ" అన్నాను. ఆయన లేచి వెళ్ళి నిఖిత జడ పట్టుకుని చూసి "బాగుంది" అన్నారు. చెవుడేమో అని భయపడ్డాను. చెవులు శుభ్రంగా ఉన్నాయి, వెనకింటి రేడియో కూడా వినబడుతోంది.

మాటలు తలలో ఎలా అర్థమవుతాయో చదువుతానని నువ్వు మైసూరు వెళ్తే, ఆ చదువు కూడు పెడుతుందా అని వెక్కిరించినదాన్ని నేనే. నీ తల దువ్వి పెంచినదాన్ని కాబట్టి ఆ మాట అన్నాను. ఇప్పుడు అదేమైనా పనికొస్తుందేమో చూసి రాయి.

మీ వదిన,
పద్మావతి


మైసూరు,
20 ఫిబ్రవరి 1998

వదినా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తరవాత కళ్ళు తుడుచుకుని పుస్తకాలు తీశాను. ముందు ఒక చిన్న కథ చెబుతాను, జవాబు చెప్పు. దారి తప్పిన ఒక గుడ్డివాడు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డాడు. అటుగా వచ్చిన మూగవాడు జాలిపడి, ఎటు వెళ్ళాలో చేత్తో చూపించాడు. గుడ్డివాడు ఆ వైపే నడిచి ఇల్లు చేరాడు. వీళ్ళిద్దరిలో దయగలవాడెవరు?

చెప్పావా? ఇక్కడ మా క్లాసులో అందరూ "మూగవాడు" అన్నారు. చూపిస్తే గుడ్డివాడికెలా కనబడిందని ఒక్కరూ అడగలేదు. వదినా, మనం వాక్యాన్ని చివరిదాకా వినం. రెండు మూడు మాటలు చెవిన పడగానే, మిగతాది రోజూ జరిగేదాన్ని బట్టి మనమే కట్టేసుకుంటాం. ఎవరు చేశారు, ఎవరికి చేశారు అన్న లెక్క వెనకాల నెమ్మదిగా వచ్చి సరిచూస్తుంది. అది వాచ్‌మన్ లాంటిది. మనకు ఆ వాచ్‌మన్ అప్పుడప్పుడు కునుకు తీస్తాడు. అన్నయ్యకు ఉద్యోగమే మానేశాడేమో అని నా భయం. ఇంట్లో జడ వేయించుకునేది నిఖిత. అందుకే ఆయన నిఖిత జడ చూశాడు.

రెండేసి బొమ్మలు గీసి పంపుతున్నాను. కోడి పురుగును తింటోంది, పురుగు కోడిని తింటోంది. అమ్మ పాపకు అన్నం పెడుతోంది, పాప అమ్మకు పెడుతోంది. నువ్వు వాక్యం చెప్పు, ఆయన బొమ్మ చూపించాలి. ఒక్కటే షరతు. నీ కళ్ళతో సాయం చెయ్యకు.

నీ
అనూ


గాజువాక,
15 మార్చి 1998

అనూ,

నీ మూగవాడికే నేనూ ఓటు వేశాను. నిఖితా అంతే. మిల్లు గేటు దగ్గర సేఫ్టీ బోర్డు ఒకటి ఉంది. "నిర్లక్ష్యం చేయకూడనంత చిన్న ప్రమాదం ఏదీ లేదు" అని. ఇన్నేళ్ళుగా దాని కిందనుంచే వెళ్తున్నాం, అందరికీ మంచి మాటలాగే అనిపిస్తుంది. నీ ఉత్తరం చదివాక నిన్న ఆగి రెండుసార్లు చదివాను. ఏమిటో తిరగబడినట్టుంది. ఏ ప్రమాదాన్నైనా వదిలెయ్యచ్చన్నట్టుంది! రాసినవాడికీ తెలియదు, చదివినవాడికీ తెలియదు. అయినా మిల్లు నడుస్తూనే ఉంది కదా.

నీ బొమ్మల పరీక్ష పెట్టాను. అన్నీ సరిగ్గానే చూపించారు. పురుగు కోడిని తినే బొమ్మ చూసి నవ్వారు కూడా. కనక నువ్వు బెంగపెట్టుకోకు.

గవర్రాజు రోజూ సాయంత్రం వస్తున్నాడు. పెందుర్తి నుంచి సైకిల్ మీద డ్యూటీకొచ్చే సిగ్నల్‌మ్యాన్, నువ్వు చూశావు. కింద నిలబడి ఇతను చెయ్యి ఊపితే, పైన మీ అన్నయ్య క్రేన్ కదుపుతారు. ఏళ్ళ తరబడి అదే జంట. ఆ షెడ్డు హోరులో మాట వినబడదు కాబట్టి అంతా చేతి సైగలే. మా వరండాలో ఇద్దరూ కూర్చుని మాట లేకుండా గంటసేపు ఉంటారు. ఎత్తు, పక్కకు, ఆపు, మెల్లగా దించు. ఒక్కటీ తప్పు పోలేదు. "మా బావకి మాటలెందుకమ్మా? నా సెయ్యి సూత్తే సాలు, అన్నీ ఎరికే" అంటాడు.

మీ వదిన


మైసూరు,
2 జూన్ 1998

వదినా,

సెలవుల్లో మీ దగ్గర గడిపి వచ్చాక ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నువ్వు కూరల బజారుకు వెళ్ళినప్పుడు అన్నయ్యను కూర్చోబెట్టి ఆ బొమ్మలే మళ్ళీ చూపించాను. పురుగు కోడిని తిన్నదంటే కోడి పురుగును తినే బొమ్మే చూపించాడు. ప్రతిసారీ అంతే. రోజూ జరిగేదైతే తప్పకుండా సరిగ్గా చెబుతాడు. జరగనిది చెబితే, జరిగేదే వింటాడు. నువ్వు వచ్చాక నీ చేత పెట్టించాను, గుర్తుందా? ఆయన బొమ్మల వైపు చూడలేదు. నీ మొహం వైపు చూశాడు. నువ్వు కళ్ళతో చెబుతున్నావు. నీకు తెలిసే చేస్తున్నావో తెలియకో నేనడగను.

తనకు అర్థం కాలేదని కూడా ఆయనకు తెలియదు. అదే దీనిలో ఘోరం. అర్థం కాలేదని తెలిస్తే మనిషి మళ్ళీ అడుగుతాడు. అన్నయ్యకు అంతా తేటతెల్లంగా అర్థమైనట్టే ఉంటుంది. తప్పుగా అర్థమైనా అంతే. ఏదో ఒకరోజు మిల్లులో ఎవరో ఒకరు, ఎప్పుడూ చెప్పనిది చెబుతారు. ఆయన తలూపుతాడు. క్రేన్ ఎక్కించకు వదినా. ఇంకేదైనా పని అడుగుదాం, స్టోర్స్‌లోనో గేటు దగ్గరో. డాక్టరుకు నువ్వు చెప్పు. చెప్పలేకపోతే నేను రాస్తాను.

అనూ


గాజువాక,
14 జూన్ 1998

అనూరాధా,

అర్ధమొగుడు ఆడపడుచు అని ఊరికే అనలేదు పెద్దలు. నేను లేనప్పుడు నా ఇంట్లో నా మొగుడికి పరీక్ష పెట్టావన్నమాట. మంచిది.

డాక్టరు చూశాడు. చెయ్యి పట్టు చూశాడు, కళ్ళు చూశాడు, గీత మీద నడిపించాడు. "పని చెయ్యగలవా?" అన్నాడు, "చేస్తా" అన్నారు. ఫిట్ అని రాశాడు. స్టోర్స్‌లోనూ గేటు దగ్గరా మీ అన్నయ్య కోసం కుర్చీ వేసి ఎవరూ ఎదురు చూడడం లేదు. ఆ ఊసెత్తితే అసలుకే మోసం వస్తుంది. తలలో ఏదో తేడా ఉందని తెలిసిన మరుక్షణం ఇంటికి పంపేస్తారు.

మొదటి రోజు డ్యూటీ చేసి వచ్చి మీ అన్నయ్య నవ్వారు. జనవరి తరవాత నేను చూసిన మొదటి నిండు నవ్వు అది. రెండుసార్లు అన్నం వడ్డించుకున్నారు. నీ పుస్తకాల్లో ఆ నవ్వుకు లెక్క ఉందా? అక్కడ పని మాటలతో కాదు, సైగలతో. గవర్రాజు చెయ్యి ఉన్నంతవరకూ ఆయనకు ఏ లోటూ లేదు. నేను కూడా గట్టిగా నేర్పాను. "ఎవరేం చెప్పినా ఆఁ అనండి, పైకెళ్ళి గవర్రాజు వైపు చూడండి" అని. అది మాత్రం చక్కగా పట్టుకున్నారు.

నువ్వు డాక్టరుకు రాస్తే ఈ ఇంటి గడప తొక్కనక్కరలేదు. నా మీద ఒట్టు.

పద్మావతి


మైసూరు,
1 జూలై 1998

వదినా,

డాక్టరుకు రాసిన ఉత్తరం రెండు వారాలు బల్ల మీదే పెట్టుకుని, నిన్న చింపేశాను. నీ కోపానికి భయపడి కాదు. అన్నయ్య నవ్వాడని రాశావు, అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. చేసింది మంచో చెడో నాకు తెలియడం లేదు.

ఒక్కటి బతిమాలుకుంటున్నాను. గవర్రాజుకు చెప్పు. అన్నయ్యకు మాటలు ఎలా అందుతున్నాయో, ఎక్కడ తప్పుతున్నాయో అంతా చెప్పు. అన్నయ్య ఇక ఎవరి మాటా పట్టించుకోడు, గవర్రాజు చెయ్యి తప్ప. ఆ చెయ్యి ఊరికే కదిలినా ఆయన దాన్నే ఆజ్ఞగా తీసుకుంటాడు. కనక తన చేతిని ఎంత జాగ్రత్తగా పెట్టుకోవాలో అతనికి తెలియాలి. అతను మన మనిషే, ఎవరికీ చెప్పడు. ఈ ఒక్కటీ చేశానని రాస్తే నాకు నిద్రపడుతుంది.

అనూ


గాజువాక,
20 జూలై 1998

అనూ,

గవర్రాజుకు చెప్పాను. నిశ్చింతగా ఉండు. నిఖితను ద్వారకా నగర్‌లో ఎంసెట్ కోచింగ్‌లో చేర్పించాం. వానలు దంచేస్తున్నాయి.

మీ వదిన


గాజువాక,
18 అక్టోబరు 1998

అనూ,

ఎలా రాయాలో తెలియడం లేదు. మీ అన్నయ్యకు దెబ్బలేమీ తగల్లేదు. గవర్రాజు కుడిచెయ్యి పోయింది. మోచేతి పైదాకా తీసేశారు.

గురువారం మిషన్ ఆపి బాగుచేసే రోజట. ఇన్‌చార్జి అర్జునరావు నిచ్చెన దగ్గర మీ అన్నయ్యను ఆపి చెప్పాడట. "ఇవాళ నీకు సైగ చేసేది తవిటయ్య. గవర్రాజు కాదు. గవర్రాజు కింద గుంతలో బోల్టులు బిగిస్తాడు, అతని వైపు చూడకు" అని. అర్థమైందా అంటే ఆఁ అన్నారట. తవిటయ్య కూడా పక్కనే ఉన్నాడు. ఎప్పుడూ జరగని మాట అది. ఇన్నేళ్ళలో గవర్రాజు సెలవు పెడితే ఈయనా పెట్టేవారు.

గుంత పక్కన పెద్ద ఇనుప రోలరు హుక్కుకు వేలాడుతోంది. గుంతలోంచి గవర్రాజు, గుంత గట్టు మీదున్న మనిషిని రెంచి ఇమ్మని చెయ్యి చాపి వేళ్ళు ఆడించాడు. పైనుంచి చూస్తే అది మెల్లగా దించమన్న సైగే. ఈయన మెల్లగా దించారు, గుంత అంచున చాపిన ఆ చేతి మీదికే. తవిటయ్య రెండు చేతులూ ఊపి ఆపమని అరుస్తున్నాడట. ఈయన అటు చూడనే లేదు.

ఇంటికొచ్చి "గవర్రాజు... దించమన్నాడు... దించా" అంటున్నారు. అదే మాట మూడు రోజులుగా. అన్నం ముట్టడం లేదు.

పద్మావతి


మైసూరు,
27 అక్టోబరు 1998

వదినా,

పక్కింటివాళ్ళ ఫోనుకు రెండుసార్లు చేశాను. నువ్వు రాలేదన్నారు. డిసెంబరులో వస్తాను, అంతకు ముందు సెలవు కుదరదంటున్నారు.

ఉత్తరం చింపేసిన రోజు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అన్నీ తెలిసి ఊరుకున్నాను. గవర్రాజు కుటుంబాన్ని ఏ మొహంతో చూడాలి?

ఒక్క విషయం మాత్రం అర్థం కావడం లేదు. నువ్వు అంతా చెప్పావన్నావు కదా. తన చెయ్యి కదిలితే అన్నయ్య క్రేన్ కదుపుతాడని అతనికి తెలుసు. తెలిసి కూడా, పైన అంత బరువు వేలాడుతుంటే, గుంతలోంచి చెయ్యి ఎందుకు చాపాడు?

అనూ


పెందుర్తి,
3 ఫిబ్రవరి 1999

అనూ,

నీ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మూడు నెలలు తప్పించుకున్నాను. డిసెంబరులో నువ్వు వచ్చి నాలుగు రోజులు ఉన్నావు. అప్పుడూ నువ్వు అడగబోయినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నేను గవర్రాజుకు చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మంచివాడే కానీ లోకంతో తిరిగే మనిషి, ఏ టీకొట్టు దగ్గరో నోరుజారితే మా బతుకు బజారున పడుతుందని మింగేశాను. నీకు నిద్రపట్టాలని అబద్ధం రాశాను. అతనికి తెలిసుంటే ఆ రోజు చెయ్యి చాపేవాడు కాదు. ఎటు తిప్పి చూసినా ఇంతే.

సంక్రాంతి వెళ్ళాక క్వార్టరు ఖాళీ చేశాం. మీ అన్నయ్యను పంపేశారు. ఇక్కడ రెండు గదుల అద్దె ఇల్లు. గవర్రాజు వాళ్ళిల్లు ఇక్కడికి నడిచి వచ్చేంత దూరమే. నిఖిత పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెబుతోంది.

నేను వాళ్ళింటికి వెళ్ళలేకపోయాను. ఆదివారం మధ్యాహ్నం అతనే వచ్చాడు. కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్నీసు పెట్టాడు. వరండాలో మీ అన్నయ్య పక్కన కూర్చున్నాడు. తరవాత అన్నాడు: "ఎంక్వయిరీలో నీ పేరు నాను సెప్పనేదు బావా. సెయ్యి సాపింది నానే, తప్పు నాదేనని సెప్పీసినాను. నీ మీద నాకేటీ కోపం నేదు."

మీ అన్నయ్య మొహం చూడాల్సింది నువ్వు. ఎంక్వయిరీ, నీ పేరు, తప్పు, కోపం. ఆయనకు అందినవి ఆ నాలుగే. మిగతాది ఇన్నాళ్ళుగా లోపల కుమిలిన మనసు కట్టేసింది. ఠక్కున లేచి రెండు చేతులూ జోడించారు. "తప్పు... నాదే... కోపం... ఉంటుంది" అన్నారు. అతను కంగారుపడి "అదికాదు బావా, నాను సెప్పింది..." అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఎంత విడమరిస్తే అంత వంగిపోయారు ఈయన. ఆఖరికి కాళ్ళు పట్టుకోబోతే అతను ఏడ్చేశాడు. డిసెంబరులో నువ్వు నేర్పినట్టు నేను ఒక్కో ముక్కే చెప్పాను. గవర్రాజుకు కోపం లేదు. గవర్రాజు మంచివాడు. ఆయన నా వైపు చూసి తలూపారు. ఆ తలూపడాన్ని నేనిక ఎలా నమ్మను?

భోజనాల వేళయింది. తినమంటే గవర్రాజు వద్దన్నాడు. ఆకలి లేదన్నాడు. ఆ చెయ్యి పోయినప్పటి నుంచి ఎవరి ఇంటా చెయ్యి కడగడం లేదట. నలుగురిలో ఎడమచేత్తో తినడం అతనికి తలవంపు. నేను బలవంతపెట్టలేదు. మీ అన్నయ్య మాత్రం లోపలికొచ్చి కంచం తీసుకుని, అన్నం, చేపల పులుసు వేసుకుని వెళ్ళారు. ఎదురుగా కూర్చుని కలిపి, ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టారు. గవర్రాజు తల పక్కకు తిప్పుకున్నాడు. ఈయన చెయ్యి తియ్యలేదు. కాసేపటికి అతను నోరు తెరిచాడు. కంచం ఖాళీ అయ్యేదాకా ఈయన పెడుతూనే ఉన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తరవాత మీ అన్నయ్య కడుపునిండా తిన్నారు.

వెళ్ళేటప్పుడు నేను వీధి మలుపు దాకా వెంట వెళ్ళాను. అక్కడ చెప్పాను అనూ, అంతా. ఆయన తలలో ఏం పోయిందో, నాకు ఎప్పటి నుంచి తెలుసో, అతనికి చెప్పమని నువ్వు ఎలా బతిమాలావో, నేను ఎందుకు చెప్పలేదో. "సెప్పుంటే నాను ఎవులికి సెప్తానమ్మా" అన్నాడు. అంతలోనే నా మొహం చూసి మెత్తబడ్డాడు. "పోనీ, ఒగ్గీ. మా ఇంటిది సిట్టమ్మైనా మొగుణ్ణి అలాగే పంపీసును. నీ తప్పు కాదమ్మా, ఏడవకు" అన్నాడు. ఎడమచెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

చిన్న మాట అది. తిరకాసేమీ లేదు, పసిపిల్లలకైనా అర్థమవుతుంది. నా మెదడుకు ఏ జబ్బూ రాలేదు, ఏ వాచ్‌మనూ మానెయ్యలేదు. ఆదివారం నుంచి ఆ మాటను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ అతను నీదే తప్పమ్మా అన్నట్టుగానే వినబడుతోంది.

మీ వదిన,
పద్మావతి